విశాఖ నుంచి థార్ ఎడారికి మోటార్‌హోమ్: నీళ్లు, మరుగుదొడ్డి, దుమ్ము, చలి

విశాఖలో ఎవరైనా మోటార్‌హోమ్‌లో, అంటే ఇల్లుగా మార్చిన బండిలో, రాజస్థాన్‌లోని జైసల్మేర్ వెళ్లి వస్తామంటే చుట్టుపక్కల వాళ్లు దారి గురించి అడుగుతారు, డీజిల్ ఖర్చు గురించి అడుగుతారు, ఇసుక తిన్నెల పక్కన బండి ఆపుకోనిస్తారా అని అడుగుతారు. మరుగుదొడ్డి డబ్బా ఎక్కడ ఖాళీ చేస్తారని మాత్రం ఎవరూ అడగరు. ఎడారిలో నాలుగు రోజులు ఉండాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఆ సంగతే. తిన్నెల మీద సూర్యాస్తమయం నిజంగానే అందంగా ఉంటుంది, దాన్ని చూడటానికి ఎవరి సలహా అక్కర్లేదు. మిగిలిన రోజంతా నీళ్లు కొలుచుకోవడంతో, చెత్త వెంట మోసుకు తిరగడంతో, దుమ్ము దులుపుకోవడంతో గడుస్తుంది. దానికి ఇంటి దగ్గరే సిద్ధపడి వెళ్తే ఎడారి మీద ప్రేమ పెరుగుతుంది. లేకపోతే రెండో రోజు మధ్యాహ్నానికే హోటల్ గది వెతుక్కోవలసి వస్తుంది.

సముద్రపు గాలికి అలవాటుపడిన మనలాంటివాళ్ల కోసం రాస్తున్న మార్గదర్శి ఇది. పొడి గాలిలో మన అలవాట్లు చాలావరకు పనికిరావు. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటి అడుగు: కాలం ఎంచుకోవడం

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే వెళ్లండి. ఎండాకాలంలో పిల్లలతో, పెద్దవాళ్లతో రేకు పెట్టెలాంటి బండిలో థార్‌లో ఉండటం ప్రమాదం. జైసల్మేర్‌కు తూర్పున ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. దుమ్ము తుపానులు కూడా అప్పుడే వస్తాయి. చలికాలంలో పగలు హాయిగా ఉంటుంది కానీ రాత్రి పాదరసం పదికి దిగువకు పడిపోతుంది. జనవరిలో ఏడెనిమిది డిగ్రీలు మామూలు, కొన్ని రాత్రులు ఇంకా తక్కువ. లంబసింగి చలి చూసినవారికి ఇది కొత్త కాదు. బీచ్ రోడ్డు చలికే స్వెట్టరు వేసుకునేవారు మాత్రం మందపాటి రజాయిలు సర్దుకోవాలి.

దూరం రెండు వేల కిలోమీటర్లకు పైనే. రాయపూర్, నాగపూర్ మీదుగా మధ్యప్రదేశ్ దాటి, ఉదయ్‌పూర్ వైపు నుంచి జోధ్‌పూర్ చేరుకోవడం ఒక పద్ధతి. జోధ్‌పూర్ నుంచి పోకరణ్ మీదుగా జైసల్మేర్ దాదాపు 280 కిలోమీటర్లు. బరువున్న బండితో రోజుకు 350 కిలోమీటర్లకు మించి పెట్టుకోకండి. నవంబరులో బయల్దేరేటట్లయితే బంగాళాఖాతంలో తుపాను సూచనలు చూసుకుని కదలండి.

రెండో అడుగు: బండిని ఇక్కడే చూపించుకోవడం

విశాఖలో తిరిగే బండికి ఉప్పు గాలి చేసే చెరుపు బయటికి కనిపించదు. చాసిస్ అడుగున, బ్యాటరీ కొసల దగ్గర, వైర్ల జాయింట్ల లోపల తుప్పు దాగి ఉంటుంది. ఇక్కడ తేమలో ఎలాగో పనిచేసే జాయింటు, పొడి వేడిలో, గతుకుల రోడ్డు కుదుపుల్లో ఊడిపోతుంది. గాజువాక ఆటోనగర్‌లో బండిని లిఫ్టు మీద పెట్టించి అడుగు భాగం మొత్తం టార్చి వెలుతురులో చూడండి. బ్యాటరీ కొసలు, ఎర్త్ వైర్లు విప్పించి శుభ్రం చేయించండి. తలుపుల, కిటికీల రబ్బరు అంచులను వేలితో నొక్కి చూడండి. నొక్కినచోట గుంట పడి తిరిగి లేవకపోతే ఆ రబ్బరు మార్చాల్సిందే. ఇక్కడ వాన ఆపే రబ్బరే అక్కడ దుమ్మును ఆపాలి, దుమ్మును ఆపడం ఇంకా కష్టం.

బండిని మీరే ఇల్లుగా మార్పించుకున్నట్లయితే రిజిస్ట్రేషన్ పత్రంలో ఆ మార్పు నమోదై ఉండాలి. వాహనం రూపు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకు వస్తుంది. అయిదారు రాష్ట్రాలు దాటే ప్రయాణంలో, పైగా సరిహద్దు జిల్లాలో, కాగితాలు సరిగా లేకుండా తిరగడం మంచిది కాదు. బీమా కూడా ఆ మార్పుకు సరిపోయేలా ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇంకో సంగతి బరువు. లీటరు నీళ్లు కిలో బరువు. రెండు వందల లీటర్లు నింపితే ముగ్గురు పెద్దవాళ్లను అదనంగా ఎక్కించుకున్నట్లే. నీళ్లు, గ్యాసు, మనుషులు, సామాను అన్నీ ఎక్కించాక ఒకసారి వే బ్రిడ్జి మీద తూకం వేయించండి. దారిలో టైరు పేలడానికి అధిక బరువు పెద్ద కారణం.

మూడో అడుగు: ఇంటి ముందే రెండు రాత్రులు

బయల్దేరే ముందు శని, ఆదివారాలు బండిని ఇంటి ముందే నిలిపి అందులోనే ఉండండి. ఇంట్లోకి వెళ్లి కుళాయి తిప్పకూడదు, ఇంటి మరుగుదొడ్డి వాడకూడదు, ఇంటి ప్లగ్గులో ఫోను పెట్టకూడదు. సోమవారం పొద్దున ఎన్ని నీళ్లు మిగిలాయో, బ్యాటరీ ఎంత ఉందో, చెత్త ఎంత పోగైందో రాసుకోండి. మీ కుటుంబం అసలు వాడకం ఎంతో తెలిసేది ఆ కాగితంతోనే.

ఇసుకలో బండి నడపడం సాధన చేద్దామని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు మాత్రం వెళ్లకండి. అవి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూ వారసత్వ స్థలం. అక్కడ ఒక్కసారి పడిన చక్రం జాడ వాన నీటికి కాలువగా మారి దిబ్బను కోసేస్తుంది.

నాలుగో అడుగు: నీళ్లు

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించవలసింది దీని గురించే. విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. జైసల్మేర్‌లో సగటున 200 మిల్లీమీటర్ల లోపే. భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పన, ఫ్లోరైడు కూడా ఎక్కువ. నల్గొండ బాధ తెలిసిన తెలుగువాళ్లకు ఫ్లోరైడు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. అందుకే ఊళ్లో బోరు కనిపించింది కదా అని తాగే నీళ్ల ట్యాంకు నింపుకోకండి. పంజాబులోని హరికే దగ్గర మొదలయ్యే ఇందిరా గాంధీ కాలువ నీరు జైసల్మేర్ ప్రాంతానికి వస్తుంది. పట్టణంలో సరఫరా చేసే నీళ్లు, లేదా ఇరవై లీటర్ల శుద్ధి నీటి క్యాన్లు కొనుక్కోవడం మేలు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు వెంట ఉంచుకోండి. తాగునీటికి జాతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. మీటరు ఫ్లోరైడు చూపించదని గుర్తుంచుకోండి, అది ఉప్పదనం ఒక్కటే చెబుతుంది.

ఎంత తీసుకెళ్లాలి? తాగడానికి, వంటకు మనిషికి రోజుకు అయిదు లీటర్లు. కడుగుకోవడానికి, పళ్లు తోముకోవడానికి, ఒళ్లు తుడుచుకోవడానికి ఇంకో అయిదు. నలుగురికి రోజుకు నలభై, నాలుగు రోజులకు నూట అరవై. దానికి తోడు ఎప్పుడూ ముట్టని నలభై లీటర్లు విడిగా పెట్టుకోవాలి. మొత్తం రెండు వందలు. అంతా ఒకే ట్యాంకులో పోయకండి. ట్యాంకు పగిలినా, పంపు పాడైనా చేతిలో నీళ్లుండాలంటే కనీసం మూడో వంతు విడి క్యాన్లలో ఉండాలి. వెలుతురు సోకే క్యాన్లలో పాచి పడుతుంది కాబట్టి వాటిని గోనెపట్టాతో కప్పండి.

రెండు బకెట్ల స్నానం అక్కడ కుదరదు. తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుని, రోజు విడిచి రోజు మూడు లీటర్లతో స్నానం ముగించాలి. పొడి గాలిలో చెమట జిడ్డు అంతగా పట్టదు కాబట్టి ఇది అనుకున్నంత ఇబ్బందిగా ఉండదు. ఒక మట్టి కుండ వెంట తీసుకెళ్లండి. విశాఖ ఉక్కలో కుండ ఓ మోస్తరుగానే చల్లబరుస్తుంది. అక్కడి పొడి గాలికి కుండ పైనుంచి తేమ వేగంగా ఆరిపోయి నీళ్లు నిజంగా చల్లబడతాయి.

అయిదో అడుగు: ఒంటి మాట నమ్మకపోవడం

మన ఊళ్లో చెమట ధారగా కారుతుంది. దాహం వేసిందని, నీడకు చేరాలని చొక్కా తడిసినప్పుడే తెలిసిపోతుంది. ఎడారిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా ఉంటుంది, హాయిగా ఉన్నట్లు అనిపిస్తుంది, ఒంట్లో నీరు మాత్రం తగ్గిపోతూనే ఉంటుంది. తీరప్రాంతం వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. దాహం వేసేదాకా ఆగకుండా గంటకో గ్లాసు తాగండి. మూత్రం రంగు చూసుకోండి, ముదురు పసుపు కనిపిస్తే అప్పటికే ఆలస్యమైనట్లు. పిల్లలకు ఇది నేర్పడానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఓఆర్ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి, కొలత తప్పకూడదు. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ రోజూ ఉండాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి బయల్దేరాలి. అప్పుడు నీళ్ల లెక్క చూడకూడదు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా వెళ్లే మాత్రలు వాడే పెద్దవాళ్లుంటే బయల్దేరే ముందే వైద్యుణ్ని అడగండి.

పెదవులు పగలడం, ముక్కులోంచి కొద్దిగా రక్తం రావడం, మడమలు చీలడం మొదటి రెండు రోజుల్లో మామూలే. కొబ్బరినూనె, వాసెలిన్ చాలు. ముక్కు లోపల అంచుకు రాత్రి పూట కొంచెం రాసుకుంటే పొద్దున రక్తం చార ఉండదు.

ఆరో అడుగు: మరుగుదొడ్డి

మోటార్‌హోమ్‌లో రెండు రకాల మరుగుదొడ్లు ఉంటాయి. ఒకటి రసాయనం పోసి వాడే డబ్బా రకం. సుమారు ఇరవై లీటర్ల డబ్బా, నలుగురు వాడితే రెండు మూడు రోజుల్లో నిండుతుంది. రెండోది మూత్రాన్ని, మలాన్ని వేరుచేసే పొడి రకం. ఎడారికి రెండోదే మంచిదని నా గట్టి అభిప్రాయం. దానికి ఫ్లష్ నీళ్లు అక్కర్లేదు. రెండూ కలిసినప్పుడే దుర్వాసన పుడుతుంది, వేరుగా ఉంటే చాలా తక్కువ. మలం మీద ప్రతిసారీ రెండు గుప్పెళ్ల కొబ్బరి పొట్టు చల్లాలి. కోనసీమ, ఉద్దానం ఉన్న రాష్ట్రంలో కొబ్బరి పొట్టు దొరకడం కష్టమేమీ కాదు. నర్సరీల్లో అమ్మే కొబ్బరి పొట్టు ఇటుకలను ఇంటి దగ్గరే నానబెట్టి, పొడిపొడిగా ఆరబెట్టి సంచిలో కట్టుకుని వెళ్లండి.

డబ్బా రకమే ఉంటే ఖాళీ చేసే పద్ధతి ఇది. ముందు చేతి తొడుగులు, పాత చెప్పులు వేసుకోండి. వేడికి లోపల వాయువు నిండి ఉంటుంది కాబట్టి మూతను ఒక్కసారిగా తిప్పకండి. మొహం పక్కకు తిప్పుకుని, కొద్దిగా వదులు చేసి, బుస్సుమన్న చప్పుడు ఆగేవరకు ఉండండి. గొట్టం కొసను మరుగుదొడ్డి గుంటకు బాగా దగ్గరగా వంచి నెమ్మదిగా పోయండి. ఎత్తు నుంచి పోస్తే చిమ్ముతుంది. గిన్నెలు కడిగి దాచిన నీళ్లు లీటరు పోసి, మూత పెట్టి, బాగా కుదిపి, మళ్లీ పోసేయండి. ఇంకో లీటరుతో అదే పని. చివర్లో మూత రబ్బరును పొడి గుడ్డతో తుడవండి, అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా ఆ తర్వాత దారంతా కారుతుంది. ఆఖరికి మరుగుదొడ్డి చుట్టూ మీరు చిందించినది మీరే కడగాలి.

ఎక్కడ పోయాలి? పెట్రోలు బంకులో, హోటల్లో, గుడారాల శిబిరంలో అడిగి, డబ్బులిచ్చి పోయండి. అడిగేటప్పుడు ఏమి పోస్తున్నారో దాచకుండా చెప్పండి. ఫార్మాల్డిహైడ్ ఉన్న రసాయనాలు సెప్టిక్ ట్యాంకులోని సూక్ష్మజీవులను చంపేస్తాయి కాబట్టి అవి లేనివే కొనండి. ఇసుకలో గొయ్యి తీసి పాతేయవచ్చని ఎవరైనా చెబితే వినకండి. మలం కుళ్లి మట్టిలో కలవడానికి తేమ కావాలి, ఆ నేలలో తేమే లేదు. పాతిన కాగితం, డైపరు, శానిటరీ ప్యాడు ఏళ్లు గడిచినా అలాగే ఉంటాయి, గాలి వీచి తిన్నె జరిగితే పైకి తేలతాయి. పొడి రకం డబ్బాలోని పొట్టును రెండు పొరల సంచిలో కట్టి, పట్టణం దాకా తెచ్చి, అక్కడ సరైన చోట వేయాలి.

ఏడో అడుగు: వంట, గిన్నెలు

బియ్యం మూడు నాలుగుసార్లు కడగడం, గంజి వార్చడం అక్కడ కుదరవు. కుక్కరు వాడండి, నీళ్లూ గ్యాసూ రెండూ ఆదా. పూర్ణా మార్కెట్లో అటుకులు, ఉప్మా రవ్వ, చారు పొడి, కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు పులిహోర గుజ్జు కొనుక్కుని వెళ్తే వారం గడుస్తుంది. ఇడ్లీ పిండి చలికి సరిగా పులవదు, దాని జోలికి వెళ్లకండి. అక్కడ దొరికే సజ్జ రొట్టె, వెల్లుల్లి పచ్చడి, పెరుగు రుచిగానూ ఉంటాయి, గిన్నెలూ తక్కువ పడతాయి.

గిన్నెలు తోమే పద్ధతి: తిన్న వెంటనే, ఎండిపోకముందే, పళ్లేన్ని పాత న్యూస్‌పేపరుతో తుడవాలి. కొంచెం ఆరనిస్తే ఆ గాలికి మెతుకులు రాయిలా అతుక్కుంటాయి. తుడిచాక స్ప్రే సీసాతో సబ్బు నీళ్లు చల్లి పీచుతో రుద్ది, గ్లాసుడు నీళ్లతో కడిగేయాలి. నలుగురి గిన్నెలకు రెండు లీటర్లు చాలు. ఆ నీళ్లను గుడ్డతో వడగట్టి క్యాన్‌లో పట్టి ఉంచండి, మరుగుదొడ్డి డబ్బా కడగడానికి అవే. సబ్బు నీళ్లను బావుల దగ్గర, వాననీటి తొట్ల దగ్గర ఎప్పుడూ పోయకండి.

ఈగల సంగతి కూడా చెప్పాలి. ఒంటెలు, మేకలు ఉన్నచోట పగలంతా ఈగలే. తలుపుకు దోమతెర బిగించి, వంట చెత్తను బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టడం తప్ప దారి లేదు.

ఎనిమిదో అడుగు: దుమ్ము, కరెంటు, చలి

తిన్నెల ఇసుక అంత బాధ పెట్టదు, దులిపితే పోతుంది. బాధ పెట్టేది మట్టి దారుల మీద లేచే పిండిలాంటి దుమ్ము. వెనక కిటికీ తెరిచి నడిపితే బండి తన దుమ్మును తానే లోపలికి లాక్కుంటుంది. నడిచేటప్పుడు వెనక కిటికీలు, పైకప్పు గవాక్షం అన్నీ మూసి, ముందు బ్లోయరును బయటి గాలి తీసుకునేలా పెట్టండి. లోపల గాలి ఒత్తిడి కొంచెం పెరిగి సందుల్లోంచి దుమ్ము రాదు. పరుపులకు జిప్పు తొడుగులు వేయండి. సొరుగుల పట్టాలకు, తాళాలకు గ్రీజు పూయకండి, దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది. గ్రాఫైట్ పొడి చాలు. స్టౌ మంట పసుపుగా మారితే రంధ్రాల్లో దుమ్ము చేరిందని అర్థం, సూదితో తీయండి. ఇంజను ఎయిర్ ఫిల్టరు ఇంకొకటి దగ్గర ఉండాలి.

సౌర ఫలకం ఎండ ఎంత ఎక్కువైతే అంత బాగా పనిచేస్తుందనుకుంటారు. వెలుతురు వరకు అది నిజం. వేడి మాత్రం దానికి పడదు, 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. దుమ్ము పొర ఇంకా తగ్గిస్తుంది. తెల్లవారుజామున, ఫలకం చల్లగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో దులపండి. ఏసీ మీద ఆశ పెట్టుకోకండి. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 2.4 యూనిట్లు. ఒక టన్ను ఏసీ రెండు గంటల్లో దాన్ని ఊడ్చేస్తుంది.

రాత్రి చలికి తలుపులన్నీ బిగించి గ్యాసు స్టౌ వెలిగించి కాచుకోవడం ప్రాణాంతకం. గాలి చాలక మంట విడిచే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు. స్టౌ ఆర్పి, రజాయి కప్పుకుని, వేడినీళ్ల రబ్బరు సంచి కాళ్ల దగ్గర పెట్టుకోండి. గవాక్షం వేలెడంత తెరిచే ఉంచండి, లేకపోతే మన ఊపిరి తేమకే గోడలు చెమ్మగిల్లుతాయి.

తొమ్మిదో అడుగు: ఎక్కడ ఆపాలి, ఎలా మెలగాలి

మూడు టన్నుల బండి తిన్నె ఎక్కదు. తారు రోడ్డు, గట్టి నేల దాటకండి. కూరుకుపోతే చక్రం గిరగిరా తిప్పకుండా ఆపేసి, చక్రాల ముందు ఇసుక తవ్వి, టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి, చెక్కలు పరిచి నెమ్మదిగా కదపాలి. తారు రోడ్డు ఎక్కే ముందు చిన్న కంప్రెసరుతో మళ్లీ గాలి నింపాలి. సర్కారు తుమ్మ ముళ్లు టైర్లలో దిగుతాయి, వాటి నీడన ఆపకండి.

సామ్ తిన్నెలు జైసల్మేర్‌కు పడమట నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అక్కడ వరుసగా గుడారాల శిబిరాలు, సాయంత్రం మైకుల మోత ఉంటాయి. నిశ్శబ్దం కావాలంటే ఖూరీ అనే ఊరి వైపు ఎవరి ఇంటి ఆవరణలోనైనా డబ్బులిచ్చి ఆపుకోవడం నయం. ముందు ‘ఖమ్మా ఘణీ’ అని పలకరించి, ఇంటి పెద్దను అడగండి. వాననీరు దాచుకునే టాంకాల నుంచి ఊరికే నీళ్లు తోడుకోకండి, ఒక కుటుంబం ఏడాదంతా దాని మీదే బతుకుతుంది. మంట కోసం ఖేజ్డీ కొమ్మ విరవకండి. అది మనం దసరాకు పూజించే జమ్మి. ఆ చెట్లను కాపాడటానికి 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ ఊళ్లో, చెట్లనూ జంతువులనూ కాపాడటం ధర్మంగా భావించే బిష్ణోయీలు 363 మంది ప్రాణాలిచ్చారు. ఆ నేల మీద చలిమంట లేకుండా ఒక రాత్రి గడపడం మనకు పెద్ద కష్టం కాదు. సామ్, ఖూరీల చుట్టుపక్కల చాలా నేల డెజర్ట్ నేషనల్ పార్కులోనిది. రోళ్లపాడులో మనం దాదాపుగా పోగొట్టుకున్న బట్టమేక పిట్టకు అది చివరి ఆశ్రయాల్లో ఒకటి. అక్కడ దారి తప్పించి బండి నడపడం, డ్రోను ఎగరేయడం చేయకూడదు.

పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి తనోట్ వైపు వెళ్తే గుర్తింపు కార్డులు అందరివీ ఉండాలి, సైన్యం ఉన్నచోట ఫొటోలు తీయకూడదు. అనుమతి లేని శాటిలైట్ ఫోను మన దేశంలో నేరం. ఫోను సిగ్నలు చాలాచోట్ల ఉండదు కాబట్టి ఎప్పుడు తిరిగొస్తారో జైసల్మేర్‌లో ఎవరికైనా చెప్పి కదలండి. డీజిల్ అక్కడే నిండుగా పోయించుకోండి.

చీకటి పడ్డాక టార్చి లేకుండా దిగకండి. ఇసుక నేలల్లో చిన్న పింజర, తేళ్లు ఉంటాయి. బయట వదిలిన బూట్లు దులిపే తొడుక్కోవాలి. పాము కాటు వేస్తే కోయడం, కట్టు బిగించడం, పీల్చడం ఏదీ వద్దు. కాలు కదలకుండా ఉంచి నేరుగా జైసల్మేర్ జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి.

పదో అడుగు: తిరిగొచ్చాక

విశాఖ చేరగానే బండిని నీళ్లతో కడిగించకండి. సందుల్లో ఉన్న పిండిలాంటి దుమ్ముకు నీళ్లు తగిలితే బురదై, ఎండి, అక్కడే గట్టిపడుతుంది. దారిలోనే, రాయపూర్ దాటేలోపు ఏదైనా గ్యారేజీలో కంప్రెసరు గాలితో సొరుగులు, తలుపు పట్టాలు, ఫ్రిజ్ వెనక భాగం, రేడియేటరు పొడిగా ఊదించండి. తీరం తేమ తగలకముందే ఆ పని అయిపోవాలి. ఇంటికొచ్చాక ఎయిర్ ఫిల్టరు, క్యాబిన్ ఫిల్టరు మార్చండి. నీళ్ల ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, మూత తెరిచి ఆరబెట్టండి. టైర్ల మీద చెయ్యి ఆనించి కాకుండా, గుడ్డ చుట్టుకుని తడిమి చూడండి. విరిగి లోపల ఉండిపోయిన తుమ్మ ముల్లు వారం పది రోజుల తర్వాత కూడా పంచరు చేస్తుంది.